పురుగు పట్టని పడవ

పాత పడవ కొనడానికి వెళ్లిన మగవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. గుమ్మడికాయ బేరానికి వచ్చినట్టు చుట్టూ తిరుగుతారు, వేలి కణుపులతో తట్టి చూస్తారు, చెవి ఆనిస్తారు, ఆ తరువాత ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలు ఊపుతారు. ఆ ఊపులో ఎంత తెలివి ఉందో వాళ్లకే తెలియాలి. నేను చెబుతుంటే మనవరాలు పుస్తకాల తెలుగులోకి దిద్ది రాస్తోంది. తిట్లు మాత్రం మింగేస్తోందని నా అనుమానం.

నేను పుట్టింది ఉప్పుటేటి ఒడ్డున, పీచుతాళ్లు పేనే ఇంట్లో. కొబ్బరి డొక్కలను ఉప్పునీటి గుంటల్లో నెలల తరబడి నానబెట్టి, తీసి, కర్రలతో బాది, పీచు ఆరబెట్టి తాళ్లు పేనేవాళ్లం. ఆ గుంటల కంపు భరించలేక ఊరివాళ్లు ముక్కు మూసుకుని పోయేవారు. ఇప్పుడు ఆ కంపు ఎక్కడైనా తగిలితే నాకు మా అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. వాన మబ్బు కనబడితే చాలు, అమ్మ మమ్మల్ని వదిలేసి ముందు తాళ్లను లోపలికి చేర్చేది. ఉప్పునీరు తాడును కాస్తుందనీ, మంచినీరు లోపల్లోపలే తినేస్తుందనీ మాకు అన్నం తినడం వచ్చేనాటికే తెలుసు.

పెళ్లయ్యాక ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చాను. మావాళ్ల పడవలకు మేకులుండేవి కావు. పలకకు పలక ఆనించి, అంచుల్లో బెజ్జాలు వేసి, పీచుతాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. కెరటం కొడితే కుట్టు పడవ కాస్త ఒంగి ఊరుకుంటుంది, పగలదు. మా పుట్టింటి తాడు అంత దూరం సముద్రంలోకి వెళ్లి వస్తుందని అక్కడికి వచ్చాకే తెలిసి, నాలుగు రోజులు గర్వంగా తిరిగాను.

ఆ ఇంట్లో మామగారు, అత్తగారు, మా ఆయన. మా ఆయనకు ఒక అన్న ఉండేవాడు. నేను రావడానికి రెండేళ్ల ముందు, ఒడ్డు కనబడనంత దూరంలో పడవ అతుకు విడిపోయి మునిగిపోయాడు. పురుగు తొలిచేసిందని మామగారు అన్నారు. ఉప్పునీటిలో చెక్కను తొలిచే పురుగు ఒకటుంది. పైకి సూదిబెజ్జమంత కనబడుతుంది, లోపల చెక్కంతా డొల్ల చేసేస్తుంది. అప్పటినుంచి తండ్రీ కొడుకులు వేరొకరి పడవలో కూలికి చేపల వేటకు వెళ్తుండేవారు. అత్తగారు పొద్దున లేస్తూనే పురుగును తిట్టి, అప్పుడు పొయ్యి ముట్టించేది.

ఆనకట్ట లేచి, ఎక్కడ చూసినా కాలువలు తవ్వుతున్న రోజులవి. సున్నం, రాయి మోసిన కుట్టు పడవ ఒకటి పని అయిపోయి ముక్తేశ్వరం రేవులో అమ్మకానికి ఉందని కబురు వచ్చింది. మామగారి మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. అత్తగారు మాత్రం గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఒకణ్ణి ఇచ్చేను. ఈసారి నా కళ్లతో చూస్తే గాని రెండోవాణ్ణి ఎక్కనివ్వను," అంది.

అలా నలుగురమూ ఏటికి ఎదురుగా బయల్దేరాం. చల్ది కుండ మోయడానికి నేను.

పడవ చూడగానే అందరికీ ప్రాణం లేచి వచ్చింది. నూనె, గుగ్గిలం పట్టించి నల్లగా మెరుస్తోంది. మామగారు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పలకనూ అరచేత్తో తడిమారు. గోరు దిగుతుందేమో చూశారు. చివరికి పలకకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నారు. చూడటానికి దేవుడి ముందు ఉన్నట్టున్నారు. నాకు నవ్వు రాలేదు.

"ఒక్క బెజ్జం లేదే," అన్నారు లేచి, అత్తగారితో.

"ఆయ్, ఎలా ఉంటుందండి. ఉప్పు చుక్క తగల్లేదండి దీనికి. కట్టిన మూడేళ్లూ మంచినీళ్లలోనే తిరిగిందండి," అన్నాడు సరంగు, అంటే ఆ పడవ నడిపించేవాడు.

ఆ మాట వినగానే వాన మబ్బు చూసి తాళ్ల కోసం పరిగెత్తే మా అమ్మ గుర్తొచ్చింది. మా పల్లెలో ఆడది పడవను తాకకూడదు. కానీ దానికి ఇంకా గంగమ్మ పేరు చెప్పి పసుపు పెట్టలేదు కాబట్టి, అప్పటికది వట్టి చెక్కే అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వెనకవైపుకు వెళ్లి, కుట్టు మీది గుగ్గిలాన్ని గోటితో గీకాను. లోపలి పీచు నల్లబడింది. రెండు పోగులు లాగి నలిపితే నశ్యంలా పొడి అయింది.

మా ఆయన్ను పక్కకు పిలిచి చెప్పాను. పెళ్లయి ఏడాది నిండని మొగుడు కదా, ముద్దుగా నవ్వాడు. "నీకు తాడు తెలుసు గానీ పడవేం తెలుసే," అన్నాడు. అత్తగారి చెవిలో వేశాను. "మీ మామగారు అంతలా చూసేరు కదే. పలక గట్టిగా ఉంటే తాడుకేం," అంది. మామగారితో కోడలు సూటిగా మాట్లాడే ఆచారం లేదు. అవతల సరంగు తాంబూలం తెప్పిస్తున్నాడు. అది చేతులు మారితే బేరం అయిపోయినట్టే. ఆ పడవలో సముద్రం మీదికి వెళ్లేది నా మొగుడు.

వెనక కొనలో కుట్టుతాడు ముడి వేసి మిగిల్చిన కొస ఒకటి బారెడు వేలాడుతోంది. దాన్ని అక్కడే పడి ఉన్న కొడవలితో కోసుకుని, చల్ది కుండ మెడకు మా ఉట్టితాడు విప్పేసి దీన్ని కట్టాను. తెలిసే చేశాను. అన్నం నేలపాలు చేసిన పాపం నాదే, ఎవరి మీదా తొయ్యను. కుండ తెచ్చి మామగారి ముందు పెట్టాను. ఆయన తాడు పట్టుకుని ఎత్తారు. జానెడు లేచిందో లేదో తాడు పుటుక్కుమంది. కుండ పగిలి చల్ది ఆయన పాదాల మీద పడింది.

అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది ఈ పడవ కుట్టుతాడేనండీ మామగారూ," అన్నాను. ఆయనతో నేను అన్న మొదటి మాట అది.

ఆయన కోప్పడలేదు. తెగిన కొసను అరచేతిలో వేసుకుని నలిపారు. పొడి రాలింది. సరంగు వైపు తిరిగి, "మూడేళ్లూ మంచినీళ్లలోనేనా అండి?" అని మళ్లీ అడిగారు. అతను ఆయ్ అన్నాడు. మామగారు ఇసుకలో కూర్చుండిపోయారు. అంత మంచి పడవ చేజారుతున్నందుకు బాధ పడుతున్నారనుకున్నాను. కాసేపటికి లేచి, పలకలు మంచివే కాబట్టి కుట్టంతా విప్పి కొత్తది వేసుకుంటామని చెప్పి బేరం ఖాయం చేశారు.

ఆ తరువాతి నెలరోజులూ నా జన్మలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజులు. మా పుట్టింటినుంచి అమ్మ పీచు పంపింది. పల్లెలో ఆడవాళ్లందరం మా చూరు కింద చేరి తాడు పేనేవాళ్లం. మా ఆయన అటుగా వచ్చి, "పడవ తెలిసినామెగారు ఎలా ఉన్నారండి?" అని ఏడిపించి పోయేవాడు. మామగారు ప్రతి చుట్టనూ ముందు నాకు చూపించి, నేను సరేనంటేనే పడవ దగ్గరికి పట్టుకెళ్లేవారు. కోడలితో మాట్లాడుతున్నాడేమిటని నలుగురూ అనుకున్నా పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం మిగిలినవాళ్లు అన్నాలకు లేచారు. ఆయన తాడు చుట్ట తీసుకోవడానికి వచ్చి, తీసుకోకుండా నిలబడ్డారు.

"పడవని పదిరోజులు మంచినీళ్లలో పెడితే పురుగు చస్తాదమ్మా. అందరూ అలాగే పెట్టి తెచ్చేసుకుంటారు. ఆ ఏడు నేను వానాకాలమంతా ఏటి మంచినీళ్లలోనే ఉంచేను. ఒక్క పురుగు కూడా మిగలకూడదని. పెద్దోడు ఎక్కే పడవ కదా అని."

నా చేతిలో పేనుతున్న తాడు ఆగిపోయింది. రేవులో ఆయన ఇసుకలో ఎందుకు కూలబడ్డారో అప్పుడు అర్థమైంది. నా మొగుణ్ణి కాపాడుకోవాలని నేను తెంపిన తాడు ఆ ముసలాయన గుండెలో ఎక్కడ తెగిందో తెలిసి, నాకు ఏడుపొచ్చింది.

"పురుగేనేమోనండీ మామగారూ. ఎవరు చూసేరండి," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "మీ అత్తకి చెప్పకమ్మా," అని చుట్ట భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆ పడవ మీద మా ఆయన పద్దెనిమిదేళ్లు వేటకు వెళ్లాడు. ఏడాదికోసారి కుట్టు విప్పడం, నేను పేనిన తాడుతో మళ్లీ కుట్టడం. వెళ్లిన ప్రతిసారీ ఇంటికి వచ్చాడు. పడవ పాతబడ్డాక విప్పేసిన పలకలే ఇప్పుడు మా వంటింటి తలుపు. మామగారు పోయాక అత్తగారు చాలా ఏళ్లు బతికింది. చివరిదాకా పొద్దున్నే లేచి, పెద్దకొడుకును తలుచుకుని, ఆ పురుగు వంశం నాశనమైపోవాలని తిట్టేది. నేను పక్కన కూర్చుని ఆమెతో కలిసి తిట్టేదాన్ని.