ఏకాదశి అడిగిన వరం

తమిళనాడు ధర్మపురిలో ఉప్పూ పప్పూ అమ్మే మళిగ అంగడి బాలసుబ్రమణ్యం శెట్టి అంటే తూకంలో ఖచ్చితం, మాటలో పిసినారితనం. ఏడాదికి ఒక్క పొద్దున మాత్రం ఆయన నోరు విప్పితే పక్కింటివాళ్లు కూడా చెవులు రిక్కించేవారు. వైకుంఠ ఏకాదశి మర్నాడు, ద్వాదశి పారణకు ముందు, అసలు ఏకాదశి ఎలా పుట్టిందో ఇంటి తెలుగులో చెప్పేవాడు. ఆ ఇంట్లో అది కట్టుబాటు. పెద్దవాడు కథ పూర్తిచేసి అవిసాకు కూర నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్లు ఉపవాసం విడవాలి.

ఈ ఏడు మార్గళి నెలలో ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పక్షవాతం కుడిపక్కనీ, మాటనీ పట్టుకుపోయింది. ముక్కులో గొట్టం. నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. గది గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది.

భార్య అలమేలుకు చక్కెర జబ్బు. అయినా ముందురోజంతా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టలేదు. వద్దని చెప్పనివాళ్లు లేరు, విన్నది లేదు. తెల్లారి కోడలు షర్మిళ డబ్బాలో కూర తెచ్చి, అత్త చేతులు వణకడం చూసి హడలిపోయింది.

"అత్తా, మొదట రెండు ముద్దలు తినేయండి. మాత్ర వెయ్యల్ల."

"కత కావల్ల కదమ్మా."

"ఫోన్‌లో చూసి చదువుతా."

"ఫోన్ కత మనింటి కత యెట్లయితుంది? నోటితో, మన తెలుగులో చెప్పల్ల."

కొడుకు ప్రశాంత్‌కుమార్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఏటా కథ జరిగినంతసేపూ ఫోనులో తలదూర్చిన మహానుభావుడు, ఇప్పుడేం చెబుతాడు పాపం!

చివరికి అలమేలే మొదలుపెట్టింది, భర్త ఎడమచేయి పట్టుకుని.

"మురాసురుడని ఒక రాక్షసుడు. దేవతల్నంతా తరిమేసినాడు. సామి వానితో కొట్లాడి కొట్లాడి అలిసిపోయి గుహలో పండుకున్నాడు. వాడు కత్తి ఎత్తుకొని వచ్చినాడు. అప్పుడు సామి ఒంట్లోనించి ఒక ఆడబిడ్డ లేచి వాన్ని చంపేసింది. సామి కండ్లు తెరిచి, పదకొండో తిథిలో పుట్టినావు, నీ పేరు ఏకాదశి, ఏం వరం కావల్నో అడగమ్మా అన్నాడు..."

అక్కడ ఆగిపోయింది. పెళ్లయినప్పట్నుంచీ సరిగ్గా అక్కడే ఆయన వంటింటివైపు కళ్లతో సైగ చేసేవాడు. కథ ముగిసేసరికి కూర వేడిగా ఉండాలి మరి. ఆమె లేచి పోపు పెట్టేది. ఆవాల చిటపటల్లో ఆ పిల్ల ఏం అడిగిందో ఒక్క ఏడూ వినలేదు. తర్వాతైనా అడగాలని తోచలేదు. వచ్చే ఏడు ఉందిగా అనుకుంటూనే కదా అందరం బతికేస్తాం.

"ఏం అడిగింది? చెప్పండి" అంటూ భర్త ముఖంమీదికి వంగింది. ఆయన పెదాలు కదిలాయి. గొంతులో గురగుర తప్ప మాట రాలేదు.

అలమేలుకు ఒళ్లంతా చెమట పట్టింది, కళ్లు మసకబారాయి. షర్మిళ ఏడుస్తూ ముద్ద నోటిదాకా తెచ్చింది.

"కత అయిపోయింది" అంది అలమేలు ఎవరివైపూ చూడకుండా. నోరు తెరిచింది.

కూర చల్లారిపోయి చేదుగా ఉంది. మింగి తలెత్తేసరికి ఆయన ఆమెనే చూస్తున్నాడు. అయిపోలేదు, అయిపోలేదు అన్నట్టు దిండుమీద తల అటూ ఇటూ తిప్పుతున్నాడు.

షర్మిళ ఇంకో ముద్ద పెట్టింది. అలమేలు ఆయన చేయి వదలకుండా అదీ మింగింది.