బావకు చిన్నగ కనపడ్డ అక్షరాలు

మా అక్క పెనిమిటి, అంటే మా బావ, నాకు కంప్యూటర్ నేర్పిన మనిషి. ఆర్మూర్ దగ్గర పెర్కిట్ దిక్కు హైవే పక్కన ఒక పసుపు వ్యాపారి ఆఫీసు ఉంటది. ముందల రెండు గదులు, ఎనుక గోదాము. బావ అండ్ల శానేండ్ల సంది పనిచేస్తుండె. నా డిగ్రీ అయినంక సేటుతోటి మాట్లాడి నన్ను సుత అండ్లనే పెట్టిచ్చిండు. ఇద్దరి కుర్సీలు పక్కపక్కనే. ఆఫీసుల నేను సార్ అని పిలిస్తే ఆయనకు నవ్వొస్తుండె.

మాది మెయిల్ పని. సాంగ్లీ, ఈరోడ్‌ల కొనేటోళ్లకు ఇంగ్లీషుల, నందిపేట్, నవీపేట్ దిక్కు ఊర్లల్ల మా తరఫున పసుపు చూసే ఏజెంట్లకు తెలుగుల, రోజూ పొద్దుగాల రేట్లు పోవాలె. వాట్సాప్‌ల పెడితే అయిపోతదని మేమంటే సేటు వినకపోతుండె. మెయిల్ అయితే ఎప్పుడంటే అప్పుడు తీసి చూడొచ్చని ఆయన లెక్క. బావ ఆ మెయిల్‌ను పెండ్లి పత్రిక లెక్క తయారు చేస్తుండె. ఉత్త అక్షరాలు పంపుడు ఆయనకు నచ్చదు. హెచ్‌టీఎంఎల్‌ల పెడితే రంగులు, గడులు, సైజులు మన ఇష్టం కదా. పైన దుకాణం పేరు ఎర్రగ, దాని కింద పసుపు కొమ్ములకు ఒక గడి, దుంపలకు ఇంకో గడి, ఆఖరుకు ఆ దినం మబ్బు పట్టిందా ఎండ ఉందా అని ఒక ముక్క. రైతులు పసుపు ఆరబోసుకునే దినాలల్ల ఏజెంట్లు రేటు కంటె ముందుగాల ఆ ముక్కనే చూస్తుండిరి.

ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చినంక బావ ఒక మాట షురూ చేసిండు. మెయిల్ రాసేటప్పుడు తెలుగు అక్షరాలు చిన్నగ కనపడ్తున్నయని. నేను చూసిన. నిజమే. ఇంగ్లీషు బాగనే ఉన్నది, తెలుగు కొట్టంగనే చీమల బారు లెక్క సన్నగైపోతున్నది. పంపినంక తెరిస్తే మళ్ల మంచిగనే ఉంటది. రాసే కాడనే తక్లీఫ్. సెట్టింగులల్ల సైజు పెంచిన, తెలుగు మారలే. వేరే ఫాంటు పెట్టిన, వత్తులు ఊడిపోయి పక్కకు పడ్డయి. ఇంకోటి పెడితే అక్షరాల జాగల ఖాళీ డబ్బాలు వచ్చినయి. అన్నం తినేటప్పుడు సుత నాకు అదే ఫికర్. ఆఖరికి దొరికింది. గా సాఫ్ట్‌వేర్ల ఒక్కొక్క భాషకు సైజు అలగ్ పెట్టాలెనట. నేను ఇన్ని దినాలు ఇంగ్లీషుకు పెంచుకుంట వచ్చిన, తెలుగుది యాడనో కింద ఉన్నది. అది పెంచంగనే అక్షరాలు గుండ్రంగ నిలబడ్డయి. బావకు మస్తు సంబురమైంది. హోటల్ నుంచి మిర్చిబజ్జీలు తెప్పిచ్చి గోదాముల హమాలీలకు సుత పంచిండు.

కొన్ని దినాలకే మళ్ల అదే మాట. చిన్నగైనయి పిల్లా, జర చూడు అంటడు. నేను పోయి చూస్తే నాకు మంచిగనే కనపడ్తయి. అయినా ఇంకింత పెంచిన. అప్‌డేట్ వచ్చి సెట్టింగ్ పోయిందేమో అనుకున్న. ఆయన కిటికీల వెలుతురు స్క్రీన్ మీద పడ్తుందన్నడు, బల్ల జరిపినం. బల్బు మార్పిచ్చినం. ఆ బల్బు కింద సుత ముక్కు స్క్రీన్‌కు తగిలేటట్టు వంగి రాస్తుండె.

అప్పుడే నందిపేట్ ఏజెంట్ ఫోన్ చేసిండు. పెద్దమనిషి, బావకు దోస్తు. మీరు పంపే మెయిల్ నా ఫోన్ల వరుసకు రెండక్షరాలు కూడ పడ్తలేవు, మీ బావ నా మీద కోపమొచ్చి అరుస్తున్నడా అని నవ్వుకుంట అడిగిండు. పోయిన మెయిళ్లు తీసి చూసిన. సెట్టింగ్‌తోటి పని లేకుండ బావనే ఒక్కొక్క మాటను పట్టుకొని పెద్దగ చేసి పంపుతున్నడు. దినం దినం ఇంకింత పెద్దగ. నాకైతే సాఫ్ట్‌వేర్ మీదనే అనుమానం. ఒక ఐతారం ఆఫీసు తాళం తీపిచ్చుకొని, మొత్తం తీసేసి మళ్ల కొత్తగ ఎక్కిచ్చిన.

సోమవారం పొద్దుగాల బావను నా కుర్సీల కూసోబెట్టి, ఖాళీ మెయిల్ తెరిచి, పసుపు అని కొట్టిన. కనపడ్తుందా అంటే చిన్నగున్నది అన్నడు. పెంచిన. ఇంకా జర అన్నడు. పెంచిన. పకారం ఒక్కటే సగం స్క్రీన్ నిండింది. గప్పుడు ఆయన మొకం చూసిన. ఆయన ఆ అక్షరాన్ని చూస్తలేడు. దాని పక్కన గోడ దిక్కు, కంటి కొసతోటి దేన్నో పట్టుకునేటట్టు చూస్తున్నడు.

"బావా, కంప్యూటర్‌కు ఏం కాలే" అన్న.

ఎనుక గోదాముల బస్తాలు దింపుతున్న సప్పుడు. బావ రెండు చేతులు కీబోర్డు మీద పెట్టి, ఒత్తకుండ ఊకనే ఉన్నడు.

"నాకెరుకే పిల్లా" అన్నడు.

కొత్త కంప్యూటర్ రాకముందే ఆర్మూర్ల కంటి పరీక్షల శిబిరం పెట్టినప్పుడు ఆయన పోయిండట. షుగర్ కంటి లోపలి పొరను పట్టిందని, వెంటనే హైదరాబాద్ పోవాలని డాక్టర్ చెప్పిండట. మెల్లగ పోవచ్చు తియ్ అనుకొని ఎవలకు చెప్పలే. అంతల కొత్త కంప్యూటర్ వచ్చింది, అండ్ల అక్షరాలు నిజంగనే చిన్నగ ఉండె. నేను సుత చిన్నగున్నయి అన్న. ఆ మాట ఇనంగనే పానం కుదుట పడ్డదట ఆయనకు.

"నువ్వు దాన్ని బాగు చేసుకుంట కూసున్నన్ని దినాలు, బీమారి దానికే అనుకొని బతికిన" అన్నడు. "అక్కకు చెప్పకు."

గా మాట నేను నిలబెట్టుకోలే. ఆ సాయంత్రమే పోయి చెప్పిన. అక్క గడప కాడ కూసొని బీడీలు చేస్తుంది. నేను చెప్తున్నంత సేపు ఆమె చేతులు ఆగలే. ఆమెకు ముందే తెలుసు. చాయ్ కప్పు పక్కన పోసుకుంటుండు, అంగీ గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంటుండు, పక్కింటోళ్లు ఎదురొస్తే గొంతు ఇన్నంకనే పలకరిస్తుండట. "ఆయననే చెప్తడని చూస్తున్న. నేనడిగితే చిన్నబుచ్చుకుంటడు" అన్నది. గప్పుడు ఒళ్ల ఉన్న చాట పక్కకు పెట్టి, కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. లోపల బావ రేడియో వింటుండు.

హైదరాబాద్ దవాఖానకు ముగ్గురం పోయినం. లేజర్ పెట్టిండ్రు, కండ్లల్లకు సూదులిచ్చిండ్రు, ఆపరేషన్ సుత అయింది. ముందుగాల వస్తే బాగుండు అని డాక్టర్ మెల్లగ చెప్పిండు. ఒక కన్ను పూరాగ పోయింది. రెండో కంట్ల వెలుతురు, నీడ, గంతే. తిరిగొచ్చేటప్పుడు బస్సుల అక్క కిటికీ కాడ కూసుంటా అన్నా ఆయన ఇయ్యలే. మామిడిపల్లి దాటినంక ఆర్మూర్ గుట్టలు వచ్చినయా అని అడిగిండు. వచ్చినయి అన్నం. తల అటే తిప్పి కూసున్నడు.

సేటు మంచి మనిషి. నువ్వు రా, నువ్వు చెప్పు, పిల్ల రాస్తది అన్నడు. ఆ సీజనంత నేను బావను ఆటోల తీస్కపోతుంటి. ఆయన రేట్లు చెప్తుండె, నేను కొడుతుంటి. పైన ఎర్రగ పెట్టినవా అని అడుగుతుండె. గడులు సక్కగ వచ్చినయా, వత్తులు విడిపోలేదు కదా అని అడుగుతుండె. మబ్బు సంగతి రాసే కాడ నన్ను బయటికి పంపిచ్చి చూసి రమ్మంటుండె. ఒకరోజు సైజు ఎంత పెడ్తున్నవు అన్నడు. మామూలుదే బావా అన్న. మామూలుదంటే ఎంత అన్నడు. నేను అంకె చెప్పిన. ఇంతకు ముందు తాను పెట్టేది గదే అని తల ఊపిండు.

తర్వాత సేటు కొడుకు దుకాణం చూసుకునుడు మొదలువెట్టిండు. రేట్లన్ని ఫోన్లల్లనే పోవుడు షురూ అయింది. రంగులు లేవు, గడులు లేవు, రెండు వరుసలు. రావొద్దని బావకు ఎవలు చెప్పలే. ఒకరోజు నేను ఆటో దిగి ఇంట్లకు పోయేసరికి ఆయన తానం చేసి, ఇస్త్రీ అంగీ తొడుక్కొని కుర్సీల కూసోని ఉన్నడు. నువ్వు పో పిల్లా, ఇయ్యాల నాకేం పనున్నది ఆడ అన్నడు. నేను ఒక్కదాన్నే మళ్ల ఆటో ఎక్కిన. ఆ దినం సంది ఆఫీసుకు వస్తా అని ఆయన అనలే, రమ్మని నేను అడగలే.

ఫోన్ల రాసింది చదివి ఇనిపిచ్చే సౌలతు ఉంటదంటే ఆయన ఫోన్ల పెట్టిన. నందిపేట్ దోస్తు మెసేజ్‌లు పెడితే ఆడగొంతు చదువుతుండె. అది దోస్తు మాట లెక్క లేదు అన్నడు బావ. దోస్తుకు ఫోన్ చేసి, ఏమున్నా మాట్లాడు, రాయకు అని చెప్పిండట. మా ఊర్ల జాతరప్పుడు ఆ దోస్తు వచ్చి బావ పక్కన మంచంల కూసొని, రేట్లు, మబ్బులు, తన పసుపు చేను సంగతి అన్ని చెప్పిపోయిండు.

మొన్న ఐతారం బావను పెర్కిట్ మూలమీద చాయ్‌కు తీస్కపోయిన. ఎదురుంగ కొత్త దుకాణం తెరుస్తున్నరు, నిచ్చెన ఏసి బోర్డు ఎక్కిస్తున్నరు. ఇనుప సప్పుడు ఇని ఏంది అది అన్నడు. చెప్పిన. అక్షరాలు ఎట్లున్నయి అన్నడు. పసుపు పచ్చ మీద నల్లగ, లావుగ ఉన్నయి, వత్తులు కింద సక్కగ కూసున్నయి, చివర్ల ఒక కొమ్ము మాత్రం జర పొడుగైంది అని చెప్పిన. కొమ్ము ఏ అక్షరానిది అన్నడు. అది కూడ చెప్పిన. గ్లాసు రెండు చేతులల్ల పట్టుకొని, చాయ్ చల్లారేదాక ఆ బోర్డు దిక్కే మొకం పెట్టి కూసున్నడు. లేసేటప్పుడు నా భుజం ఎతికి చెయ్యేసిండు. ఇంటికి పోదాం అన్నడు.