సౌండు మేస్త్రి చెవులు

కార్లలో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బిగించే పనిలో ఇరవై రెండేళ్లు నలిగిన మనిషి కాబట్టి అందరూ ఆయన్ని సౌండు మేస్త్రి అనేవారు. షెడ్డు ముందు "ఇచ్చట సౌండు చెవితో సరిచేయబడును" అని ఎర్ర రంగుతో బోర్డు రాయించుకున్నాడు. రోడ్డు చివరి షాపువాడు సౌండును తెర మీద గీతలుగా చూపించే మెషీను కొన్నాడని తెలిసిన రోజు మేస్త్రి పడీపడీ నవ్వాడు. "పాట వినడానికా, ఎక్స్‌రే తియ్యడానికా?" అని వచ్చినవాడికల్లా చెప్పాడు.

ఇంత గొప్పలు పోయిన పెద్దమనిషికి తొమ్మిదేళ్లుగా సన్నని శబ్దాలు వినపడవు. స్పీకరు పెట్టెల ముందు తల పెట్టి అన్నేళ్లు కూర్చుంటే చెవులు మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి? లావు శబ్దాలు బాగానే వినపడేవి. తీగ కొసన మోగేవి, గాలిలా వచ్చి పోయేవి మాత్రం ఆయన లోకంలోంచి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మెషీను కొంటే చెప్పినట్టే అవుతుందని మెషీనూ కొనలేదు.

లెక్కల్లో మాత్రం ఆయన్ని కొట్టేవాడు లేడు. ఎవరైనా ఆంప్ తెచ్చి, "పెట్టె మీద రెండు వేల వాట్లని ఉంది మేస్త్రీ" అంటే ఇంతెత్తున లేచేవాడు.

"అది కోపమొచ్చినప్పుడు అరిచే ఒక్క అరుపు. రోజంతా ఎంత పని చేస్తుందో వెనకాల చిన్నక్షరాల్లో రాసి ఏడుస్తారు, చూసుకో!"

పెట్టె తిప్పి చూస్తే అక్కడ రెండు వందలని ఉండేది. లావు శబ్దాలు పలికే సబ్ వూఫర్‌లో ఉండే రెండు తీగచుట్టల్నీ, అదే కాయిల్స్‌నీ, ఒకలా కలిపితే రెండు ఓములు, ఇంకోలా కలిపితే ఎనిమిది. ఓములు తగ్గేకొద్దీ ఆంప్ మీద బరువు పెరుగుతుంది. ఏ ఆంప్ ఎంత మోస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. చిన్న ఆంప్ పెడితే స్పీకర్లకు ఢోకా లేదనుకునే వాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. "చాలక దాన్ని గొంతు చించుకునేలా అరిపిస్తారు. ఆ చిరిగిన అరుపుకే స్పీకర్లు మాడి చస్తాయి," అనేవాడు.

అంతా బిగించాక చివర్న ఆంప్ మీద సౌండు పెంచే ఒక చిన్న మర ఉంటుంది. సౌండు చిరగడం మొదలయ్యేదాకా దాన్ని తిప్పి, వెంట్రుకవాసి వెనక్కి తేవాలి. ఆ చిరుగు ముందు సన్నని శబ్దాల్లోనే తెలుస్తుంది. అక్కడికొచ్చేసరికి లెక్కలన్నీ చేతులెత్తేసేవి, మేస్త్రికి చెమటలు పట్టేవి.

ఆయన్ని కాపాడింది భార్య. షెడ్డు వెనకే ఇల్లు. తొమ్మిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ కుట్టుపని చంకన పెట్టుకుని వచ్చి, "ఇంట్లో ఉక్కగా ఉందండీ, కాసేపు ఏసీలో కూర్చుంటాను," అని కారు వెనక సీట్లో కూర్చుంది. సౌండు చిరగగానే వేలి ఉంగరంతో అద్దం మీద టక్కున కొట్టింది. మేస్త్రి మర వెనక్కి తిప్పి, కళ్లు మూసుకుని, "ఆఁ, ఇదీ!" అన్నాడు. అప్పటినుంచి ప్రతి కారుకీ అదే తంతు. ఇద్దరూ ఒక్కనాడూ దాని గురించి మాట్లాడుకోలేదు. తానేదో తెలివిగా ఆవిడ చెవులు వాడుకుంటున్నానని మేస్త్రి లోలోపల మురిసిపోయేవాడు కూడా.

ఇలా సాగుతుండగా ఒక వ్యాన్ల ఓనరు వచ్చాడు. ఆయనకు యాత్రలకు తిప్పే వ్యాన్లు ఆరున్నాయి. మొదటిది నచ్చితే మిగతా అయిదూ మేస్త్రికే. అంత పెద్ద పని షెడ్డు గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. కొలతలు చూస్తుండగా ఓనరు అప్పటికే షెడ్డులో ఉన్న కారు వెనక సీటు వైపు చూసి, "ఆవిడెవరండీ?" అన్నాడు.

మేస్త్రి నోరు జారింది. "మా ఆవిడ సార్. ఆవిడకేం తెలుసు, ఏసీ చల్లగా ఉంటుందని ఊరికే కూర్చుంటుంది."

ఆవిడ సూది గుడ్డలో గుచ్చి, లేచి, ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం వడ్డించింది గానీ ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు కంచం కూడా చప్పుడు చెయ్యకుండా పెట్టింది.

ఆ రోజే నాలుగింటికి ఓనరు వస్తానన్నాడు. మూడింటికి వైర్లన్నీ కలిశాయి, మర ఒక్కటే మిగిలింది. మేస్త్రి ఇంటి తలుపు వైపు నాలుగుసార్లు దగ్గాడు. తలుపు కదల్లేదు. పోనీ అని వ్యాను డ్రైవర్ని వెనక కూర్చోబెట్టాడు.

"చిరుగుతుంటే చెప్పు."

"బాగా కొడుతోందన్నా! ఇంకా పెంచు!"

పెంచాడు.

"అబ్బ, గుండెల్లో కొడుతోంది! ఇంకా!"

సౌండు పెరిగేకొద్దీ డ్రైవరు మొహం వెలిగిపోతోంది. వాడిని అడగడం తన బుద్ధితక్కువేనని మేస్త్రికి తెలుస్తూనే ఉంది. ఇంతలో వ్యాను వెనకనుంచి మాడు వాసన వచ్చింది. కాయిల్! మేస్త్రి ఎగిరి గంతేసి స్విచ్చి కట్టేశాడు. ఇంకో అయిదు నిమిషాలైతే సబ్ వూఫర్ బూడిదయ్యేది. చెవులు పోయినా దేవుడు ముక్కు ఉంచాడు.

ఇంట్లోకి పరిగెత్తాడు. ఆవిడ జాకెట్టు అంచు కుడుతోంది.

"వ్యానులో ఏసీ పనిచెయ్యడం లేదా?" అంది తలెత్తకుండా.

"చేస్తోంది," అన్నాడు వెర్రిమొహం వేసుకుని.

"మరి ఇక్కడెందుకొచ్చారు, చల్లగా అక్కడే కూర్చోక?"

"కాయిల్ మాడు వాసన వచ్చిందే."

సూది ఆగింది. "మర ఎంతదాకా తిప్పారు?"

"తెలీదు."

"ఎందుకు తెలీదు?"

మేస్త్రి చేతిలోని స్క్రూడ్రైవరును అటూ ఇటూ తిప్పాడు.

"నాకు చెప్పక్కర్లేదులెండి," అంది ఆవిడ. "కుక్కరు మూడు కూతలు కూసినా మీరు పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చున్నారే, ఆ రోజే తెలిసింది. మర్నాడే కదా నాకు ఉక్కపోసింది! నాకేం తెలుసన్నది ఎవరితోనో, వెళ్లి ఆయనకి చెప్పండి."

తొమ్మిదేళ్ల తెలివి ఎవరిదో మేస్త్రికి అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాడు. బయట హారన్ మోగింది.

ఓనరు వ్యానెక్కి, "ఏదీ, వినిపించండి," అన్నాడు. చెబితే ఆరు వ్యాన్లూ పోవచ్చు, షెడ్డు పేరూ పోవచ్చు. మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు, తుడిచినవే మళ్లీ తుడుచుకున్నాడు.

"సార్, నిన్న మీకు అబద్ధం చెప్పాను. నాకు చెవులు సరిగ్గా వినపడవు. తొమ్మిదేళ్లుగా ఇక్కడ సౌండు చూస్తున్నది మా ఆవిడే. ఆవిడ లేకుండా చెయ్యబోయి ఇందాక మీ సబ్ వూఫర్ తగలబెట్టబోయాను."

ఓనరు నోరు తెరిచాడు. "మరి ఆ బోర్డు?"

"బోర్డు నిజమే సార్. చెవితోనే చేస్తాం. ఎవరి చెవో రాయలేదు."

ఓనరు పగలబడి నవ్వాడు. నవ్వు ఆగేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. తిన్నగా వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"పాట పెట్టండి. తిప్పండి. ఇంకొంచెం. ఆగండి, చిరిగింది. వెనక్కి. ఇంకా. ఆఁ, చాలు. కుడి తలుపు స్పీకరు ఒక పిసరు తగ్గించండి, ఆ పాడే పిల్ల గొంతు పక్కకి పోతోంది."

ఓనరు పాట మొత్తం కదలకుండా విన్నాడు. అయిపోయాక మేస్త్రిని అడగలేదు, ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, మిగతా అయిదూ ఎప్పుడు పంపమంటారు?"

"వారానికొకటి పంపండి. ఆంప్‌లు మాత్రం ఆయన చెప్పినవే కొనండి. ఆ లెక్కలు నాకు రావు."

ఓనరు డ్రైవరుతో మాట్లాడుతూ రోడ్డు మీదికి వెళ్లాడు. వ్యానులో ఇద్దరే మిగిలారు. పాట మళ్లీ మొదలైంది. దాన్ని మేస్త్రి కొన్ని వేలసార్లు వేసి ఉంటాడు. ఆవిడ పక్కన కూర్చుని, కాస్త సంకోచంగా అడిగాడు.

"ఇందులో పైన, నాకు అందనివి ఏమేం వినిపిస్తాయే?"

ఆవిడ కళ్లు మూసుకుంది. "వేణువు. చరణానికి ముందు అది వాయించే ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. అదిగో, ఇప్పుడు. వెనకాల గజ్జెలున్నాయి, చాలా సన్నగా."

"గజ్జెలా? ఈ పాటలోనా?"

"మొదట్నుంచీ ఉన్నాయండీ."

మేస్త్రి చెయ్యి చాచి పాటను మొదటికి తిప్పాడు.

"ఒక్కోటీ వచ్చినప్పుడల్లా చెప్పు," అన్నాడు.