సైకిలు దిగనివ్వని మేస్త్రి

ఎనభైల్లో ఒక చలికాలపు శుక్రవారం దుబాయ్‌లోని డేరా ప్రాంతంలో సైకిలు పందెం పెట్టారు. అప్పుడు మేం అక్కడే నైఫ్ అనే పేటలో గది తీసుకుని ఉండేవాళ్ళం. సైకిలు తొక్కి జీతం తీసుకునే మనుషులు విదేశాల నుంచి వచ్చారంటే గదిలో ఎవరూ నమ్మలేదు. టిక్కెట్టు లేదన్నాక నమ్మారు.

నా పక్కన నిలబడింది మా గదిలోనే ఉండే మేస్త్రి, జగిత్యాల వైపు మనిషి. వయసులో ఉండగా ఊళ్ళో వారం రోజులు సైకిలు దిగకుండా తొక్కే ప్రదర్శనకు పూనుకున్నాడు. తిండీ స్నానమూ దాని మీదే. మెచ్చినవాళ్ళు చొక్కాకు నోట్లు గుచ్చారు. ఆఖరి రోజు పొద్దున కునుకు పట్టి కాలు నేలకు తాకింది. గుచ్చినవాళ్ళే వచ్చి ఎవరి నోటు వాళ్ళు పీక్కుపోయారట. తరువాత ఆయన సైకిలు ముట్టలేదు. దుబాయ్ వచ్చాడు.

పందెం దారి చుట్టూ తిరిగి మళ్ళీ మా ముందుకే వచ్చేది. గుంపు ఝామ్మని పోయేది. మిగతా సేపంతా మేం ఖాళీ రోడ్డును శ్రద్ధగా చూసేవాళ్ళం. అందరి వెనకా ఒక బక్కపలచటి మనిషి ఒంటరిగా తొక్కుతూ వచ్చేవాడు.

"గుంపు ఒక చుట్టు ఎక్కువ తిరిగొచ్చి ఆయన్ని దాటబోతే పందెంలోంచి దించేస్తారు," అన్నాను.

"తొక్కేటోన్ని దించుడేంది సారూ? ఇదేం పద్ధతి?"

"ఇక్కడ తొందరగా తొక్కడమే గొప్ప అన్నా. దిగకపోవడం కాదు."

"తొందర ఎవడన్న తొక్కుతడు."

కాసేపటికి పందెం అధికారి జెండా ఊపి ఆ మనిషిని పక్కకు రమ్మన్నాడు. అతని పాదాలు పెడళ్ళకు పట్టీలతో బిగించి ఉన్నాయి. ఆసరాకు చెయ్యి చాచాడు. మేస్త్రి జనానికి అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి దూరి వెళ్ళి భుజం ఇచ్చాడు.

"దిగకు బిడ్డా! మత్ ఉతర్‌నా!"

అతనికి ఏ భాష అర్థమైందో గానీ, భుజం పట్టుకుని సీటు మీద అలాగే కూర్చున్నాడు. నీ మనిషిని తప్పుకోమని చెప్పు, అన్నాడు అధికారి నాతో ఇంగ్లీషులో. చెప్పాను.

"నాకు ఇంగ్లీషు రాదని చెప్పు సారూ."

"నేను చెప్పింది తెలుగులోనే కదన్నా."

"గా సంగతి ఆయనకెట్ల తెలుస్తది?"

కాదనలేక అధికారికి అలాగే చెప్పాను. ఇంతలో గుంపు వచ్చింది. అధికారి దారి వదిలి వెనక్కి జరిగాడు. గుంపు దాటీ దాటగానే మేస్త్రి ఆ మనిషి నడుము మీద చెయ్యి వేసి, "యల్లా! పో బిడ్డా!" అని ఒక్క తోపు తోశాడు. సైకిలు కదిలింది. అధికారి ఈల ఊది, నంబరు రాసుకున్నాడు.

"ఆయన్ని లెక్కలోంచి తీసేసినట్టే. తోయడం కూడా తప్పేనట."

"దిగిండా?"

"లేదు."

"మరింకేంది!"

ఆఖరి చుట్టు గంట మోగింది. జనం ముగింపు గీత వైపు పరుగెత్తారు. ఆ మనిషి ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. మేస్త్రి కాసేపు చూసి, నైఫ్ వైపు తిరిగాడు.

"అయిపోయేదాకా ఉండవా?" అన్నాను.

"పా సారూ, ఆకలైతంది. గాయన దిగుడు మనమెందుకు చూసుడు?"