రొయ్యల పెట్టె మీది నంబరు

పోయిన వారం రాజమండ్రిలో మా కోడలితో కలిసి సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. తను ఐసు పెట్టెలోంచి రొయ్యల ప్యాకెట్ ఒకటి తీసి బుట్టలో వేసింది. నేను వెంటనే దాన్ని బయటికి లాగి, వెనక్కి తిప్పి, కళ్ళజోడు సవరించుకుని అడుగునున్న సన్నటి అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. "డేట్ నేను చూశానండీ అత్తయ్యా" అంది కోడలు. సరేనన్నాను. నేను వెతికింది తేదీ కాదు, ఆ సరుకు ఏ ఫ్యాక్టరీలోంచి వచ్చిందో చెప్పే నంబరు. ఇది నాకు ముప్పై ఏళ్ళ నాటి అలవాటు. అంటించింది మా మేనత్త.

మా మేనత్త ద్రాక్షారామంలో ఉండేది. చుట్టుపక్కల హైస్కూళ్ళన్నిటిలోనూ లెక్కలు చెప్పి, చివరికి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. మామయ్య అంతకు ముందే పోయారు, పిల్లలు లేరు. రిటైరైన మర్నాడు కూడా తొమ్మిదింటికల్లా కొప్పు చుట్టుకుని, గొడుగు పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడిందట, ఎటు వెళ్ళాలో తోచక. ఆ తోచకపోవడం రెండు రోజులకు మించి సాగలేదు. పెరట్లో ధాన్యం కొట్టు ఖాళీ చేయించి, సున్నం వేయించి, బడి మానేసిన ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని చదువు చెప్పడం మొదలుపెట్టింది. ఒకప్పుడు మా వైపు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి తన దేశం వెళ్ళిపోయిన ఓ దొరసానికి ఈ సంగతి తెలిసింది. ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్ళూ అక్కడ ఓ చిన్న సంఘం పెట్టుకున్నారు. అందరూ రిటైరైన నర్సులు, టీచర్లు. స్వెట్టర్లు అల్లి అమ్మి, వచ్చిన డబ్బు మా ధాన్యం కొట్టు బడికి పంపేవారు.

వాళ్ళకి ఉత్తరాలు రాయడానికి మా అత్తకి నేను దొరికాను. నాకు టైపు హయ్యరు పాసైన సర్టిఫికెట్టు, రామచంద్రపురంలో బ్యాంకు ఉద్యోగం చేసే భర్త, బోలెడన్ని ఖాళీ మధ్యాహ్నాలు ఉండేవి. అత్త పడక్కుర్చీలో కూర్చుని తెలుగులో చెప్పేది, నేను ఇంగ్లీషులో కొట్టేదాన్ని. ఒకసారి ఆ సంఘం వాళ్ళు ఓ పొడుగాటి ఫారం పంపారు. అందులో, మీ పని వల్ల ఐదేళ్ళలో వచ్చే మార్పుని ఎలా కొలుస్తారు అని ఓ ప్రశ్న. అత్త చాలాసేపు ఆలోచించింది. "పిల్లలు పొడుగవుతారని రాయవే" అంది. నేను అలాగే రాశాను. చదివి కమిటీ అంతా నవ్వి, ఆ ఏటి డబ్బు మంజూరు చేశామని జవాబొచ్చింది.

అత్తకి చేపలు తెచ్చిపోసే ఒకావిడ ఉండేది. గౌతమి సముద్రంలో కలిసే వైపు, ఏటిగట్టు పక్క పల్లె ఆవిడది. పొద్దున్నే మొదటి బస్సులో తట్టతో దిగేది. మాట పెద్దది, బేరం ఇంకా పెద్దది. అలాంటి మనిషి ఓ రోజు చేపలు తూచకుండా అరుగు మీద కూలబడింది. పన్నెండేళ్ళ కూతుర్ని రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పంపిందట. అప్పట్లో పొలాలన్నీ రొయ్యల చెరువులైపోతున్న రోజులు. సముద్రం వైపు ఎక్కడ చూసినా కొత్త షెడ్లు లేస్తున్నాయి. పది రోజుల పని, తిండీ పడకా అక్కడే అని చెప్పి, మేస్త్రీ ఊళ్ళో ఆడపిల్లల్ని వ్యాను ఎక్కించుకు వెళ్ళాడు. పది రోజులు కాస్తా మూడు నెలలయ్యాయి. తల్లులు వెళ్తే గేటు తియ్యడం లేదు. "దాని మొహం చూసి మూడు నెల్లయిందండీ టీచరమ్మగారూ. ఉందో లేదో కూడా తెలవట్లేదండి" అంది. ఆవిడ ఏడవలేదు. చేపల మీద కప్పిన తడిగుడ్డని చేత్తో నిమురుతూ కూర్చుంది.

మా అత్త మర్నాడే గొడుగు తీసుకుని, నన్ను వెంటేసుకుని ఆ షెడ్డుకి బయల్దేరింది. వాచ్‌మన్ గేటు సందులోంచి మాట్లాడాడు, లోపల పిల్లలెవరూ లేరన్నాడు. అత్త లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టింది. ఆఫీసరు కుర్రాడు, కొత్తగా వచ్చినవాడు, వారం తిరక్కుండా తనిఖీకి వెళ్ళాడు. పెద్దవాళ్ళైన ఆడవాళ్ళు తప్ప ఎవరూ కనబడలేదు. ఆ సంగతే రాసుకుని వచ్చేశాడు. ఎలా మాయమయ్యారో తర్వాత తెలిసింది. ఆ షెడ్డులో ఒలుపు పనిచేసే ఒకామె బస్సులో మన చేపలావిడ పక్కన కూర్చుని, చెవిలో చెప్పిందట. ఆఫీసర్లొస్తున్నారని తెలియగానే పిల్లల్ని సరుకు తోలే ఐసు వ్యానులోకి ఎక్కించి, బయట తాళం వేస్తారని. ఆ మాట వినగానే అత్త మొహం నల్లబడింది. ఆ ఐసు మాటే నాకూ రోజంతా లోపల గుచ్చుకుంటూ ఉంది. ఆఫీసరుకి చెప్తే అతను తల దించుకుని, "నేను మళ్ళీ వెళ్తానండి. కానీ నేను బయల్దేరేలోపే వాళ్ళకి కబురు వెళ్ళిపోతోందండి. వ్యాను తాళం తియ్యమన్నా నా మాట వినరండి. వాళ్ళు కాదనలేనివాళ్ళెవరైనా నాతో వస్తే బాగుంటుంది" అన్నాడు.

వాళ్ళు కాదనలేనివాళ్ళెవరో మాకు ఓ మిరపకాయ బజ్జీల పొయ్యి దగ్గర తెలిసింది. రెండోసారి షెడ్డుకి వెళ్ళి గేటు బయటి నుంచే తిరిగొస్తూ బస్సు కోసం ఆగాం. అక్కడ బజ్జీలు వేసే ముసలమ్మ పొయ్యికి గాలి తగలకుండా ఆ షెడ్డు వాళ్ళు పారేసిన ఓ అట్టపెట్టె విప్పి అడ్డం పెట్టుకుంది. దాని మీద రొయ్య బొమ్మ, ఇంగ్లీషు అక్షరాలు, ఓ మూల ఫ్యాక్టరీ నంబరు. పైన రాసి ఉన్న దేశం పేరు చూసి నేను అత్తని మోచేత్తో పొడిచాను. అది మన స్వెట్టర్ల సంఘం వాళ్ళ దేశమే. అట్ట ఇమ్మంటే పొయ్యి ఆరిపోతుందని ముసలమ్మ ఒప్పుకోలేదు. అత్త గొడుగు విప్పి పొయ్యికి అడ్డం పెట్టి, అట్ట తీసుకుంది. అంత ఎండలో, ఇరవై ఏళ్ళుగా వదలని గొడుగు లేకుండా, అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని మా హెడ్మిస్ట్రెస్‌గారు బస్సెక్కింది. పాత శిష్యుడైన కండక్టరు లేచి నమస్కారం పెట్టాడే కానీ, నెత్తి మీదున్నది ఏంటని అడిగే ధైర్యం చెయ్యలేదు.

ఆ నంబరు, పిల్లల కథా టైపు చేసి పంపాం. మూడు వారాలు జవాబు లేదు. తర్వాత రామచంద్రపురం ఎస్టీడీ బూత్‌కి ఫ్యాక్స్ వచ్చింది. ఆ సంఘంలో ఆడవాళ్ళందరూ తలో కొట్టుకీ వెళ్ళి రొయ్యల ప్యాకెట్లు తిప్పి తిప్పి చూశారట. ఏ కొట్లోనూ ఆ నంబరు దొరకలేదు. చివరికి ఎనభై ఏళ్ళ ఓ ముసలావిడ ఇంటికొచ్చి తన ఫ్రిజ్ తెరిస్తే, అందులో ఉన్న ప్యాకెట్టు మీద అదే నంబరు. ఫ్యాక్స్ కింద ఆవిడ వణుకుతున్న అక్షరాలతో తన మాటగా ఒక వాక్యం రాసింది: ఇందులో సగం నేను తినేశాను, ఇప్పుడు ఏం చెయ్యమంటారో చెప్పండి. సంఘం వాళ్ళు మాత్రం ఏం చెయ్యాలో వాళ్ళే తేల్చేసుకున్నారు. ఆ కంపెనీ రొయ్యలు ఎవరూ కొనొద్దని ఊరంతా చెప్తారట.

నేను సంతోషపడి అత్త వైపు చూశాను. ఆవిడ చేపలావిడని పిలిపించి, షెడ్డు మూతపడితే ఏమవుతుందని అడిగింది. మా పల్లెలో సగం పొయ్యిలు వెలగవండి అంది ఆవిడ. అత్త నా వైపు తిరిగింది.

"కొనడం మానొద్దని రాయి. పిల్లల్ని ఇళ్ళకి పంపించి, ఆ పనిలో వాళ్ళ అమ్మల్ని పెద్దవాళ్ళ కూలికి పెట్టుకుంటేనే కొంటామని చెప్పమను. కొనేవాడి మాటకే విలువే. మానేసినవాడి మాట ఎవడు వింటాడు?"

ఈ మాట మీద అటూ ఇటూ నాలుగు ఫ్యాక్సులు నడిచాయి. సంఘంలో కొందరికి ఇది మెత్తగా అనిపించింది. కానీ ఫ్రిజ్ ముసలావిడ అత్త పక్షాన నిలబడిందట. చివరికి వాళ్ళు కొట్టువాడికి రాశారు, కొట్టువాడు సరుకు దిగుమతి చేసుకునే కంపెనీకి రాశాడు, ఆ కంపెనీ తన మనిషిని విమానం ఎక్కించింది. అతనితో పాటు సంఘం తరఫున ఆ పాత నర్సు దొరసాని కూడా దిగింది.

వాళ్ళతో పాటు లేబర్ ఆఫీసరు, అత్తా, నేనూ వెళ్ళిన ఉదయం షెడ్డు పెళ్ళివారిల్లులా ఉంది. నేలంతా కడిగారు, ఆడవాళ్ళకి కొత్త టోపీలూ గ్లవ్సులూ ఇచ్చారు, అతిథులకి కొబ్బరి బొండాలు కొట్టారు. వచ్చిన కంపెనీ మనిషి అన్నీ చూసి తల ఊపుతున్నాడు. లేబర్ ఆఫీసరు రిజిస్టర్లు తిరగేస్తున్నాడు. "మా దగ్గర పిల్లలెవరూ లేరండి. ఆయ్, కావాలంటే మొత్తం చూసుకోండి" అన్నాడు యజమాని, చేతులు జోడించి మరీ. అత్త, మా వెనకే వచ్చి గేటు దగ్గర నిలబడ్డ తల్లుల వైపు చూసి చిన్నగా తల ఊపింది. చేపలావిడ ఒక్కతే వాచ్‌మన్‌ని తోసుకుని లోపలికొచ్చింది. అటూ ఇటూ చూడకుండా పెరటి వైపు నీడలో ఆపి ఉన్న ఐసు వ్యాను దగ్గరికి నడిచి, తలుపుకి నోరు ఆనించి కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. చప్పుడు లేదు. రెండోసారి పిలిచింది. లోపల్నుంచి రేకు మీద వేళ్ళతో కొట్టినట్టు, సన్నగా, టకటకమని వినబడింది.

ఆఫీసరు రిజిస్టరు మూసి, తాళం తియ్యమన్నాడు. డ్రైవరు యజమాని వైపు చూశాడు. యజమాని తల అడ్డంగా ఊపాడు. డ్రైవరు ఓ క్షణం ఆగి, తాళంచెవి ఆఫీసరు చేతిలో పెట్టేసి పక్కకి తప్పుకున్నాడు.

పందొమ్మిది మంది దిగారు. ఎండకి కళ్ళు చికిలిస్తూ, ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని. ఆ వేళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటాయి. రోజంతా ఐసులో నాని తెల్లగా ముడతలు పడి, గోళ్ళ పక్కన చీలిపోయి, చూస్తే పిల్లల వేళ్ళలా లేవు. కంపెనీ మనిషి కాసేపు మొహం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మీ అత్తగారికి ఏం కావాలో అడగండి అన్నాడు. ఆవిడ తడుముకోలేదు. పిల్లలు చేసిన ఐదు నెలల పనికీ పెద్దవాళ్ళ కూలి, రేపటి నుంచి తల్లులకి ఆ పని, చేతులకి గ్లవ్సులు, గేటు తెరిచి ఉంచడం. నేను ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మారుస్తుంటే అతను రాసుకున్నాడు. రాసిన కాగితం యజమానికిచ్చి, దీని మీద సంతకం లేకపోతే ఈ షెడ్డు సరుకు ఓడ ఎక్కదన్నాడు. యజమాని సంతకం పెట్టాడు. ఆఫీసరు ఆయన మీద కేసు కూడా పెట్టాడు.

పిల్లలూ తల్లులూ అందరం ఒకే బస్సులో అత్త ఇంటికొచ్చాం. దారంతా చేపలావిడ కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, పన్నెండేళ్ళ పిల్ల కాళ్ళు నేలకి తగులుతున్నా సరే. ఇంటి దగ్గర అత్త వాళ్ళ వేళ్ళకి వెన్న రాసి, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు పంచింది. పిల్లలు తినడం లేదు, మాట్లాడడం లేదు, బెదురుగా చూస్తున్నారు. దొరసాని తన పూతరేకు తీసుకుని, పైనున్నది కాగితమనుకుని, జాగ్రత్తగా పొరలు పొరలుగా ఒలిచి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. చేపలావిడ కూతురు అది చూసి ఫక్కున నవ్వింది. ఆ వెనక పద్దెనిమిది మందీ నవ్వారు. విషయం తెలిశాక అందరికంటే ఎక్కువ దొరసానే నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

ధాన్యం కొట్టు బడిలో చేరాక వాళ్ళ వేళ్ళు పెన్సిలు పట్టుకోడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా ఫ్రిజ్ ముసలావిడ దగ్గర్నుంచి పార్సిలొచ్చింది, పందొమ్మిది జతల ఉన్ని చేతితొడుగులు, తనే అల్లినవి. వచ్చింది నడి వేసవి. ఉక్కపోతలో చెమటలు కారుతుంటే పిల్లలు వాటిని తొడుక్కునే ఫోటో దిగి ఆవిడకి పంపారు. ఆ తల్లుల్ని పనిలో పెట్టుకున్నాక చుట్టుపక్కల ఇంకో రెండు షెడ్ల వాళ్ళు, తమ పెట్టెల మీద కూడా నంబర్లున్నాయని గుర్తొచ్చి, అడక్కుండానే పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. అత్త దాన్ని తన లెక్కల పాఠం అని చెప్పుకునేది.

చేపలావిడ కూతురు మాత్రం పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పింది. ఐసు వ్యానుకి కూడా అంత కోపం తెచ్చుకోలేదు మా అత్త. మూడోసారి ముప్పై ఎనిమిది మార్కులతో గట్టెక్కితే వీధంతా బెల్లం పంచింది. ఆ పిల్ల ఇప్పుడు తల్లి వ్యాపారాన్నే పెద్దది చేసి, సొంత ఆటోలో ఊరూరా చేపలు అమ్ముతుంది. బేరంలో తల్లిని మించిపోయింది. అత్త పోయిన రోజు అందరికంటే ముందొచ్చి, ఎవరినీ అడక్కుండా వంటింట్లోకి వెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు పెట్టింది. ఆ షెడ్డులో పోయిన ఐదు నెలలూ ఆ పిల్లలకి ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు. మిగిలిన కాలం మాత్రం వాళ్ళ చేతికే వచ్చింది, చూస్తూండగానే అది ముప్పై ఏళ్ళయింది.