నాన్న నిక్కరు, రద్దయిన రైలు

సూరత్‌లో పాతికేళ్లు మరమగ్గాలు నడిపిన మా నాన్న మొదటిసారి సెలవు పెట్టి మమ్మల్ని గోవా బయలుదేరదీశాడు. కొబ్బరిచెట్ల బొమ్మల నిక్కరు కొని, అదే వేసుకుని స్టేషన్‌కు వచ్చాడు. వానలకు పట్టాలు మునిగి రైలు రద్దయింది.

"ఇంటికి పోదాం నడువుండ్రి," అంది అమ్మ.

"గీ నిక్కరు మీద గల్లీలకు ఎట్ల పోవాలె? అందరికి గోవా పోతున్నమని చెప్పిన."

"వచ్చేటప్పుడు రాలేదా సిగ్గు?"

నాన్న ఆటో మాట్లాడి మమ్మల్ని ఊరి చివర డుమస్ సముద్రతీరానికి తీసుకెళ్లాడు. నల్లటి ఇసుకలో కూర్చుని వానకు తడుస్తూ, ప్రయాణానికి కట్టిన పులిహోరంతా తినేశాం. తర్వాత నాన్న దర్జాగా పిక్కల లోతు నీళ్లలో నిలబడ్డాడు. ఒక అల ఆయన్ని బోర్లా పడేసింది.

లేచి ఉమ్ముతూ, "ఉప్పు జర ఎక్కువైంది," అన్నాడు.

"నా పులిహోరల ఉప్పు సక్కగనే ఉన్నది!" అని గట్టు మీంచి అరిచింది అమ్మ.