గంజి పెట్టిన ఈగ

సాంబయ్య చేతులు చూసి ఊళ్లో ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నలభై దాటిన మగాడికి అంత మెత్తని వేళ్లా అని. నాగలి పట్టినవాడి చెయ్యి కాయలు కాస్తే అది వాడికి గొప్ప. నేతగాడి చెయ్యి గరుకెక్కితే పోగు వేలికి తట్టుకుంటుంది, పీచు లేస్తుంది, పడుగు పాడవుతుంది. అందుకని సాంబయ్య కట్టె కొట్టడు, బావిలో నీళ్లు తోడడు. ఆ పనులన్నీ తల్లి శంకరవ్వవే. కొడుకు నేస్తాడు, కోడలు బాలలక్ష్మి కండెలు చుడుతుంది, ఇద్దరి చేతులూ దారానికే ఉండాలని ఆమె పట్టుదల. ఇదంతా సాంబయ్యకు బద్ధకం నేర్పడమేనని కొందరన్నారు. వాళ్లన్నది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

లక్సెట్టిపేటకు బండి దూరంలో, గోదావరి ఒడ్డున వాళ్ల ఊరు. నిజాం రాజ్యం పోయింది, రజాకార్ల భయం తీరింది, చివరికి రాష్ట్రం పేరు కూడా మారింది. ఎవరి రాజ్యమైతేనేం, మంచిర్యాల బజారుకు మిల్లు గుడ్డ దిగాక సాంబయ్య నేసిన చీర అడిగేవాళ్లు తగ్గిపోయారు. మగ్గం వారంలో సగం రోజులు ఊరికే ఉండేది.

బాలలక్ష్మి తమ్ముడు భూమన్న బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట.

"బావా, గీ మగ్గం గుంటల ఎన్నేండ్లు కూసుంటవ్? దసరా పోంగనే బాయిల కొత్తోళ్లను తీస్కుంటుండ్రు. నేను సర్దార్‌తోని మాట్లాడిన. రా, ఫికర్ లేదు."

సాంబయ్యకు చీకటంటే భయం లేదు, మట్టి పెళ్లలు విరిగిపడతాయన్న భయమూ అంతగా లేదు. అతని భయం చేతుల గురించి. తట్టా పారా పట్టి ఒక్క ఏడాది బొగ్గు ఎత్తితే ఆ చెయ్యి మళ్లీ పోగుకు పనికిరాదు. బాయిలోకి దిగినవాడు పైకి రావచ్చు గాని నేతగాడిగా రాడు. ఇది భూమన్నకు చెప్పినా తలకెక్కదు కనుక "సూద్దాం తియ్" అని ఊరుకునేవాడు.

ఆ రోజుల్లో గోదావరి నీటి లెక్కలు కట్టడానికి రామచంద్రం అనే ఇంజినీరు వచ్చి ఒడ్డు మీది బంగ్లాలో దిగాడు. ఆదివారం వస్తే సన్నని పొడవాటి బెత్తం పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడేవాడు. గాలానికి ఎర కట్టడు. ఈకలతో, పట్టుదారంతో చేసిన ఉత్తుత్తి ఈగను కట్టి నీటి మీద ఆడిస్తాడు. చేప దాన్ని నిజమనుకుని నోరు తెరుస్తుంది. ఎర్రపురుగు గుచ్చి వేస్తే పోయేదానికి ఇంత తతంగమెందుకని బెస్తవాళ్లు నవ్వుకున్నారు. ఆ ఈగలు ఇంగ్లండు సీమ నుంచి వచ్చేవి. ఇప్పుడు రావడం మానేశాయి, ఉన్నవి చిమ్మటలు కొట్టేశాయి. దారం పని తెలిసినవాడెవడైనా ఉన్నాడా అని దొర అడిగితే బంగ్లా కావలివాడు సాంబయ్యను తీసుకుపోయాడు.

సాంబయ్య పాత ఈగను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. గాలం కొస దగ్గర నెమలి ఈక పోచలు, మెడకు కోడిపుంజు ఈక, పైన పట్టుదారం చుట్లు. గాలానికి దారం దూర్చే కన్ను పక్కన ఆ చుట్లన్నీ చేరిన చోట ఆవగింజంత తల, నల్లగా మెరుస్తున్నది.

"చేస్తవా?" అన్నాడు ఇంజినీరు.

"గిదేం పని దొరా, చేస్త."

"బాగ కుదిరితే నాకే కాదు, హైదరాబాద్‌ల నా దోస్తులకు గూడ కావాలె. ఏడాది పొడుగు పని ఉంటది."

ఆ మాటతో సాంబయ్యకు ప్రాణం లేచి వచ్చింది. ఇంటికొచ్చి భార్యతో "బాయి గీయి జాన్తా నై" అన్నాడు.

అతని ఈగలు చూడ్డానికి అసలువాటికంటే బాగున్నాయి. చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా. ఇక చివరి కొస. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ముడి వెయ్యడు, ముడి గుడ్డలో గడ్డలా తేలుతుంది. కొసలు రెండూ పెనవేసి, గంజి తడిపిన వేలితో నలిపితే అతుక్కుపోతుంది. సాంబయ్య కూడా అదే చేశాడు. కొసను చుట్లలోకి పెనవేశాడు, బాలలక్ష్మి కాచిన చిక్కని గంజి తలకు పట్టించాడు, ఎండబెట్టాడు. తల గట్టిగా, నున్నగా తయారైంది. ఇంజినీరు చూసి భేష్ అన్నాడు.

ఆదివారం సాయంత్రం బంగ్లా నుంచి పిలుపు వచ్చింది. ఇంజినీరు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఉత్త గాలం.

"పెద్ద చేప పడ్డది సాంబయ్యా. ఇత్తడి బిందె తీరు మెరిసింది. ఒడ్డుకు తెస్తుంటె నీ ఈగ బట్టలిప్పుకున్నది. ఈకలు ఒక దిక్కు, దారం ఒక దిక్కు. దారం పోయి పంటికి సుట్టుకున్నదో ఏమో, జాడిస్తే గాలం నోట్లకెళ్లి జారింది."

మిగతా ఈగలు కూడా చెంబు నీళ్లలో వేసి చూపించాడు. కొంతసేపటికి ఒక్కొక్కటే విచ్చుకుని తేలాయి. తిట్టలేదు. "ఇంకొక్కపారి చూస్త. వచ్చే ఆదివారం" అన్నాడు. తిట్టినా బాగుండేదని సాంబయ్యకు అనిపించింది.

ఇంటికొచ్చి ఆ కోపమంతా భార్య మీద పోశాడు. "ఏం గంజి కాసినవే? పలుచనైంది. గందుకే ఇడిపోయినయి."

బాలలక్ష్మి రాట్నం ఆపింది. అత్త ఎదుట మొగుణ్ణి ఒక మాట అనే మనిషి కాదు. ఆ రోజు అన్నది.

"మనం నేసిన చీర మొదటి ఉతుకుకే మెత్తబడుతదా లేదా? చాకలి బండ మీద రెండు దెబ్బలు ఏస్తే గంజి యాడికి పోతది? నీళ్లల్ల మునిగేదానికి గంజి పెట్టెటోన్ని నిన్నే సూసిన. పైనుంచి నా గంజి పలుచనంటవా?"

కోడలి మాటకు శంకరవ్వ నవ్వింది. సాంబయ్యకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దారం చేతికొస్తే చెయ్యి గంజి కుండ వైపే పోతుంది. ఇది నీళ్లలో బతకాల్సిన వస్తువని కళ్లకు తెలిసినా చేతికి తెలియలేదు. సిగ్గుతో ఆ పూట అన్నం సరిగ్గా తినలేకపోయాడు.

రెండు రోజులకు భూమన్న దిగాడు. సర్దార్ ఆదివారం దాకానే ఆగుతాడట. "ఈగలు కట్టి బతికినోన్ని ఏడనన్న సూసినవా బావా?" అన్నాడు.

సాంబయ్య బంగ్లా కుర్చీలకు మెరుగు పెట్టే వడ్రంగి, వడ్ల అంతయ్య దగ్గరికి పోయాడు. లక్క పెచ్చులు స్పిరిట్‌లో నానబెట్టి రుద్దుతాడు అంతయ్య. ఆ కుర్చీల మీద వాన కురిసినా చెక్క తడవదు. ఆ లక్కనే చిన్న సీసాలో పోయించుకుని వచ్చాడు. ముందు కొస సంగతి. సూదికి వేరే దారం మడిచి ఎక్కించి, చివరి చుట్ల కింద ఆ మడతను పడుకోబెట్టి, కొసను అందులోకి దూర్చి మడతను బయటికి లాగాడు. కొస చుట్ల కిందికి పోయి దాక్కుంది. లాగినకొద్దీ బిగుస్తుంది, పైకి మాత్రం ఏ ముడీ కనపడదు. దాని మీద సూది మొనతో లక్క చుక్క.

మొదటివాటి కన్నులు లక్కతో పూడిపోయాయి, దారం దూరలేదు. అందుకని చుక్క ఆరకముందే సన్నని ఈక పోచను కన్నులోంచి ఇవతలికి లాగి శుభ్రం చేసే కిటుకు పట్టుకున్నాడు. ఒక చుక్క ఆరాక ఇంకో చుక్క. తయారైన ఈగను రాత్రి తాగే నీళ్ల కుండలో వేస్తే శంకరవ్వ గొడవ పెట్టింది. పొద్దున తీసి భార్యకిచ్చాడు. బాలలక్ష్మి దాన్ని పళ్లతో పట్టి గుంజింది, గోటితో గీకింది.

"ఇగ పోదు" అన్నది.

ఆదివారం సాంబయ్యా భూమన్నా ఒడ్డు మీద కూర్చున్నారు, ఒకడు ఈగ నిలవాలని, ఇంకొకడు విడిపోవాలని. ఎండ ఏటవాలుగా పడే వేళకు బెత్తం వంగింది. ఇంజినీరు నడుం లోతుకు పోయి, వెనక్కి వచ్చి, జారి, లేచి చివరికి చేపను ఇసుక మీదికి లాగాడు. అందరూ చేపను చూస్తుంటే సాంబయ్య దాని నోట్లో వేలు పెట్టి ఈగను చూశాడు. ఈకలు నలిగాయి. తల మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. భూమన్న బీడీ ముట్టించుకుని బెల్లంపల్లి బండి కోసం లేచాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు సాంబయ్య ఇల్లు ఈగల మీదే నడిచింది. ఇంజినీరు బదిలీ మీద పోయినా హైదరాబాద్ నుంచి పని వస్తూనే ఉంది. తర్వాత తగ్గింది. ఆ దోస్తులు ముసలివాళ్లయ్యారో, చేపలే తెలివి తెచ్చుకున్నాయో, ఒక ఏడాది అసలు రాలేదు.

ఫరవాలేదు అనుకున్నాడు సాంబయ్య. చేనేత సహకార సొసైటీ నూలు ఇస్తున్నది, మగ్గం ఉండనే ఉన్నది. గుంటలో దిగి కూర్చుని పడుగు మీద చెయ్యి వేశాడు. పోగు వేలికి తట్టుకుంది. విడిపించబోతే ఇంకో రెండు తెగాయి. వేళ్లు వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. ఏళ్ల తరబడి లక్క పొర మీద పొర, దాన్ని పోగొట్టడానికి రోజూ స్పిరిట్. చివరలు గట్టిపడి, బీటలు వారి, పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. ఏ చేతుల కోసం బాయికి పోలేదో ఆ చేతులు ఇంట్లో కూర్చున్నచోటే పోయాయి. సాంబయ్యకు ఏడుపొచ్చింది, అక్కడే మగ్గంలో కూర్చుని ఏడ్చాడు.

బాలలక్ష్మి కండెలు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"లే" అన్నది.

ఆ ఇంట్లో ఆడది మగ్గంలో కూర్చున్నది అంతవరకు లేదు. సాంబయ్య లేచాడు. ఆమె కొంగు దోపుకుని గుంటలోకి కాళ్లు వదిలింది, తెగిన పోగులు వెతికి నలిపి అతికింది, పేక పోగు మోసే నాడె విసిరింది. మొదటి బెత్తెడు గుడ్డ వంకరగా వచ్చింది. రెండోది అంత వంకర లేదు.

శంకరవ్వ పోయి అప్పటికి రెండేళ్లు. సాంబయ్య పెరట్లోకి పోయి గొడ్డలి తీసి కట్టెలు కొట్టాడు. బావిలో నీళ్లు తోడాడు. పొయ్యి రాజేసి, వచ్చే పడుగుకు గంజి కాచి కుండ పట్టుకొచ్చి మగ్గం పక్కన పెట్టాడు. బాలలక్ష్మి వేలు ముంచి, బొటనవేలితో నలిపి చూసింది.

"పలుచనైంది" అన్నది.

సాంబయ్య కుండ ఎత్తుకుని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాడు.